రూములు లేవు

పోయిన ఎండాకాలం ఒక పిల్లోడు నాకు మెసేజ్ పెట్టినాడు. అనంతపురం జిల్లా, డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నాడు. అంతకుమించి వాడి గురించి రాయను. "అన్నా, మనలాంటోళ్ళకు ఏ సిటీ మంచిది?" అని ఒకటే ముక్క.

నేను అర్ధగంటలో జాబితా తయారుచేసి పంపినాను. బెంగుళూరు, హైదరాబాదు, పూణె, ముంబయి, చేతిలో డబ్బులుంటే ఒక వారం బ్యాంకాక్. ఒక్కో ఊరి పక్కన రెండేసి లైన్లు: ప్రైడ్ ఏ నెలలో జరుగుతుంది, ఏ ఏరియాలో ఇల్లు చూసుకోవాలి, యాప్‌లో పరిచయమైన మనిషిని మొదటిసారి ఎక్కడ కలవాలి. పంపి, మంచి పని చేసినానని కాసేపు సంతోషపడినాను కూడా. వాడు అంతా చదివి జవాబిచ్చినాడు: "థాంక్స్ అన్నా. మరి అమ్మను చూసేకి ఎప్పుడెప్పుడు రావచ్చు?"

నా జాబితాలో దానికి జవాబు లేదు. అట్లాంటి ఏ జాబితాలోనూ ఉండదు. నా కోపం అక్కడ మొదలైంది, ముందు నా మీదే.

మీరు కూడా చూసే ఉంటారు, "క్వీర్ ప్రయాణికులను ఆదరించే పది నగరాలు" అనే బాపతు రాతలు. ఆమ్‌స్టర్‌డామ్ తప్పకుండా ఉంటుంది, 2001లో ప్రపంచంలోనే మొదట స్వలింగ వివాహాన్ని ఒప్పుకున్న దేశం కాబట్టి. మాడ్రిడ్ ఉంటుంది, స్పెయిన్ 2005లో ఒప్పుకుంది. తైపే ఉంటుంది, 2019. బ్యాంకాక్ ఈమధ్య పైకి ఎగబాకింది, 2025 జనవరిలో అక్కడ చట్టం అమల్లోకి వచ్చింది. ఆ చట్టాలను నేను తక్కువ చేయడం లేదు. వాటి వెనక ఎన్నేండ్ల కొట్లాట ఉందో నాకు తెలుసు. కానీ జాబితాకు ఎక్కేసరికి ఆ కొట్లాట కాస్తా హోటల్ రేటింగ్ అయిపోతుంది. ఫలానా బారు, ఫలానా బీచి, మేడ మీద ఈతకొలను. ఇక్కడ ఆదరణ అంటే కార్డు గీకినోడికి దొరికే చిరునవ్వు. వీసా కౌంటర్ దగ్గరే ఆగిపోయేవాళ్ళ సంగతి ఆ రాతల్లోకి రాదు.

మన దేశంలో రాసినప్పుడు బెంగుళూరు, హైదరాబాదు వస్తాయి. బెంగుళూరులో మొదటి ప్రైడ్ 2008లో, హైదరాబాదులో 2013లో జరిగినాయి. నేను బెంగుళూరు చేరి పన్నెండేండ్లయింది. ఆ ఊరికి నేను రుణపడి ఉన్నాను, కాదనను. కానీ "డెస్టినేషన్" అనే మాట వింటే మాత్రం మా జిల్లావాడిగా నాకు ఒళ్ళు మండుతుంది.

ఎందుకంటే మా దగ్గర ఊరిడిచి పోవడానికి ముందునుంచే ఒక మాట ఉంది. వలస. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడితే. జూన్‌లో చెనిక్కాయ విత్తనం వేసి ఆకాశం తట్టు చూడటం, బోర్లు వేసి వేసి అప్పులపాలు కావడం, చివరికి ఇంటికి తాళమేసి, ముసలోళ్ళను ఊర్లో వదిలేసి, రెండు వందల పైచిలుకు కిలోమీటర్ల దూరంలో ఉన్న బెంగుళూరికి బస్సెక్కడం. అట్ల పోయి గోడలు కట్టే మనిషిని ఎవరూ టూరిస్టు అనరు. "బేల్దారి పనోళ్ళను ఆదరించే పది నగరాలు" అని ఎవరూ రాయరు. ఊరు వాడినెందుకు నిలుపుకోలేకపోయిందని అడుగుతారు. 2006 ఫిబ్రవరి 2న జాతీయ ఉపాధి హామీ పథకాన్ని మా జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో మొదలుపెట్టింది ఆ ప్రశ్న వల్లే. ఉన్న ఊర్లోనే పని దొరకాలి, పోక తప్పని పరిస్థితి ఉండకూడదు అని. ఆ పథకం ఎంత నడిచింది, ఎంత కుంటుపడింది అనేది వేరే చర్చ. అడిగిన ప్రశ్న సరైనది.

మా విషయానికి వచ్చేసరికి ఆ ప్రశ్న ఎవరూ అడగరు. గే పిల్లోడు ఊరిడిచి పోతే దాన్ని స్వేచ్ఛ అంటాం. వాడి దగ్గర ఉండే ఇంకో మాట, కరువు, మనకు వినపడదు.

ఇప్పుడు లాడ్జి సంగతి చెప్పాలి. చెప్పకపోతే పైన రాసిందంతా ఉపన్యాసమే.

నాలుగేండ్ల కింద మా పిన్నమ్మ కొడుకు పెండ్లికి నేనూ నా సహచరుడూ అనంతపురం పోయినాం. ఇంటినిండా చుట్టాలు, బస్టాండుకు దగ్గర్లో ఒక లాడ్జిలో దిగినాం. కౌంటర్‌లో ఉన్నాయన మర్యాదస్తుడు. "ఫ్రెండ్సా సార్? పెండ్లికా? మంచిది మంచిది" అని రెండు ఆధార్ కార్డులూ జిరాక్సు తీయించినాడు. "డబల్ కాట్ రూమే ఉండాది, సర్దుకుంటారా?" అని కొంచెం మొహమాటపడినాడు. సర్దుకుంటామన్నాం. మేము మొహాలు చూసుకోకుండా నవ్వు ఆపుకున్న తీరు మాకే తెలుసు. అదే ఒక అబ్బాయీ అమ్మాయీ వచ్చి ఉంటే, మెడలో తాళి వెతికి, ఏ ఊరు, ఏం పని అని నాలుగు ప్రశ్నలు వేసి ఉండేవాడు. ఆ నిమిషంలో ప్రపంచంలోకెల్లా క్వీర్ ఫ్రెండ్లీ హోటల్ మాదే.

మా వెనక ఒక ట్రాన్స్ మహిళ నిలబడి ఉంది. నలభై ఏండ్లుండొచ్చు. భుజానికి బ్యాగు, చేతిలో ఆసుపత్రి ఫైలు. ఎవరో మనిషిని చేర్పించి వచ్చినట్టుంది, కళ్ళు పీక్కుపోయినాయి. ఆమె నోరు తెరిచే లోపలే కౌంటరాయన "రూములు లేవు" అన్నాడు. ఆయన వెనక చెక్కపలకకు తాళంచెవులు వరసగా వేలాడుతున్నాయి. ఆమె ఆ పలక వైపు చూసింది, మా వైపు చూసింది. "ఇప్పుడే ఇచ్చినావు కదన్నా వాళ్ళకు" అనింది. "అదే లాస్టు."

ఆమె గొడవపడలేదు. చప్పట్లు కొట్టలేదు, శపించలేదు. సినిమాలు ఆమెకు నేర్పిన పనులేవీ చేయలేదు. బ్యాగు సర్దుకుని మెట్లు దిగింది. నా చేతిలో తాళంచెవి ఉంది. నేనూ మెట్లెక్కినాను. ఆమె ఆ రాత్రి యాడ పండుకుందో నాకు తెలీదు.

ఒకే కౌంటర్, ఐదు నిమిషాల తేడా. ఆయన మమ్మల్ని చూళ్ళేదు కాబట్టి మాకు గది దొరికింది. ఆమెను చూసినాడు కాబట్టి ఆమెకు దొరకలేదు. నేను నోరు తెరిచి ఉంటే మా గదీ పోయేదేమో అన్న భయం నాకుంది, దాన్ని దాచను. కానీ ఆ భయంతో నేను కాపాడుకున్నది ఏంది? నన్ను ఇంకెవరో అనుకుని ఇచ్చిన ఒక మంచం. ఆ లాడ్జి గురించి నేను ఎక్కడైనా రాసి ఉంటే ఐదు నక్షత్రాలు ఇచ్చేవాణ్ణి. మీరు చదివే జాబితాల్లో ఎన్ని నక్షత్రాలు ఇట్ల రాలినాయో ఎవరికి తెలుసు?

బెంగుళూరు ఇంతకన్నా మేలా అంటే, మా ఇంటి ఓనరుకు మేమిద్దరం "కజిన్స్". పన్నెండేండ్లుగా కజిన్సే. అక్కడ ఎవరూ గుచ్చి గుచ్చి అడగరు. అనంతపురంలో మజ్జిగ ఇచ్చే ముసలామె కూడా "ఎవురి కొడుకువు నాయినా?" అని అడిగాకే ఇస్తుంది. ఆ ప్రశ్నకు భయపడి నేను ఊరిడిచినాను. నగరంలో ఆ ప్రశ్న లేదు, నిజమే, మజ్జిగా లేదు. పట్టించుకోకపోవడాన్నే ఆదరణ అని ఇన్నేండ్లు నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఎవరి కొడుకునో, ఎవరితో బతుకుతున్నానో తెలిసి కూడా ఆ గ్లాసు నా చేతికి ఇవ్వగలిగితే, దాన్ని ఆదరణ అంటాను.

చట్టం ఏమంటుంది అంటారా? చట్టం మనకన్నా ముందుంది. రాజ్యాంగం 15(2) అధికరణం అంగళ్ళు, హోటళ్ళు, బావులు, చెరువులు, రోడ్ల దగ్గర మనిషిని ఆపకూడదని పేరుపేరునా రాసింది. ఎందుకు రాసింది? బావి దగ్గరా హోటల్ దగ్గరా ఎవరిని ఆపేవాళ్ళో మన ఊర్లకు బాగా తెలుసు. రెండు గ్లాసుల పద్ధతి చూసిన సీమలో "రూములు లేవు" అనే మాటకు అర్థం వేరే చెప్పాలా? 2014లో నాల్సా తీర్పు ట్రాన్స్ వ్యక్తుల గుర్తింపును హక్కు అనింది. 2019 చట్టం మూడో సెక్షన్ వసతిలో, ప్రయాణంలో, అద్దె ఇంట్లో వాళ్ళ మీద వివక్ష కూడదని రాసింది. అంటే ఆ రాత్రి ఆ కౌంటర్ దగ్గర చట్టం ఆమె పక్కనే ఉంది. నేను లేను.

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళతో పాటు ట్రాన్స్ వ్యక్తులకూ ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. మంచిదే. ఇప్పుడు ఆమె కళ్యాణదుర్గం నుంచో గుంతకల్లు నుంచో టికెట్ లేకుండా అనంతపురం రావచ్చు. దిగినాక ఏ మరుగుదొడ్డికి పోవాలి, ఏ లాడ్జిలో పండుకోవాలి?

మన సంస్కృతిలో ఇదంతా కొత్త కాదు, మనవాళ్ళు ఎప్పుడూ ఆదరించినారు అని కొందరు పెద్దలు అంటారు. నిజంగానే, తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్ళు చీర కట్టి, పూలు పెట్టి వేషం వేస్తారు. ఆదోని దగ్గర సంతేకూడ్లూరులో హోలీనాడు మగవాళ్ళు ఆడవేషం కట్టి రతీమన్మథులను పూజిస్తారు. ఆ ఊరి పెద్దమనుషులే చీర కట్టుకుని గుడికి పోతుంటే చూడ ముచ్చటగా ఉంటుంది. కానీ జాతర మర్నాడు? మొక్కు తీరినాక వేషం తీసేసేవాడికి ఊరంతా దండం పెడుతుంది. వేషం కాని మనిషికి రూములు లేవు.

ఇక అసలైన అభ్యంతరం. "నువ్వు బెంగుళూరు చేరిపోయి ఈ మాటలు చెబుతాండావు. ప్రాణం మీదికొచ్చిన పిల్లలకు ముందు పారిపోయే దారి కావాలి కదా?" కావాలి. తలుపేసి కొట్టే ఇంట్లోంచి ఈ రాత్రే పోవాల్సిన అమ్మాయికి నేను సిద్ధాంతం చెప్పను, బస్సు టైం చెబుతాను. జాబితా అవసరమే. కానీ పారిపోతే అయిపోతుందా? విజయవాడలో కలిసి బతుకుతున్న ఇద్దరు అమ్మాయిల్లో ఒకరిని తండ్రి నర్సీపట్నం తీసుకుపోయి అట్టిపెట్టుకున్నాడు. రెండో అమ్మాయి హైకోర్టుకు పోయి హెబియస్ కార్పస్ వేసింది. మేజర్లు, తమకు నచ్చినవాళ్ళతో బతికే హక్కు వాళ్ళకుంది అని 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. నగరం ఆ అమ్మాయిని కాపాడలేదు. వదలకుండా వెతికిన ఒక మనిషి, వినిపించుకున్న ఒక కోర్టు కాపాడినాయి. నేను చూసిన ఏ జాబితాలోనూ విజయవాడ లేదు.

ఇంకోవైపు హైదరాబాదు ప్రతి జాబితాలోనూ ఉంది. అక్కడి జంట సుప్రియో, అభయ్ 2021 డిసెంబరులో ఇంటివాళ్ళ మధ్య ఘనంగా వేడుక చేసుకున్నారు. పెండ్లి హక్కు కోసం సుప్రీంకోర్టు మెట్లెక్కినారు. 2023 అక్టోబరు 17న కోర్టు, పెండ్లి ప్రాథమిక హక్కు కాదు, అది పార్లమెంటు చూసుకోవాలి అనేసింది. ఆ కేసు ఇప్పుడు సుప్రియో పేరుతోనే చలామణీ అవుతుంది. ఊరు ఎంత బాగున్నా, రాసి ఇచ్చిన హక్కు లేకపోతే ఓనరు దయ, మేనేజరు దయ.

కాబట్టి జాబితాలు రాసే మిత్రులకు, అంటే నాకూ, ఒక మాట. బార్లు లెక్కపెట్టడం కాసేపు ఆపుదాం. ధర్మవరం, హిందూపురం, తాడిపత్రి, గుంతకల్లు గురించి రాద్దాం. బస్టాండు పక్క లాడ్జిలో ఒక ట్రాన్స్ మనిషి గది అడిగితే ఏమన్నారు? ప్రభుత్వాసుపత్రిలో మంచం పక్కన ఎవరిని కూర్చోనిచ్చినారు? పండక్కి వచ్చిన పిల్లోడు, తోడు వచ్చిన మనిషిని ఎవరని చెప్పాల్సి వచ్చింది? ఇట్లాంటి జాబితా చదవడానికి అందంగా ఉండదు. పక్కన ఫోటోలు ఉండవు. కానీ దాన్ని చూపించి ఒక కలెక్టరును, ఒక లాడ్జి ఓనర్ల సంఘాన్ని నిలదీయవచ్చు. ఈతకొలను ఫోటో చూపించి ఎవర్నీ ఏమీ అడగలేం.

జీతాలొచ్చే మనం లాంగ్ వీకెండ్ వస్తే గోవా టికెట్లు వెతుకుతాం. పోదాం, తప్పేం లేదు. ఏడాదికొకసారి మాత్రం సొంత జిల్లాలో, సొంత పేరుతో ఒక గది తీసుకుందాం. వెనక నిలబడిన మనిషికి లేవన్నప్పుడు తాళంచెవి కౌంటర్ మీద పెట్టి, "అయితే మాకూ వద్దు" అని అక్కడే నిలబడదాం. ఇది పెద్ద విప్లవమేం కాదు. నాలుగేండ్లుగా నేను చేయలేకపోయినానని నన్ను నిద్రపోనివ్వనిది ఇంతే.

ఆ పిల్లోడు ఇప్పుడు బెంగుళూరులోనే ఉన్నాడు. నా జాబితాలో మొదటి ఊరే ఎంచుకున్నాడు. రాత్రి షిఫ్టు ఉద్యోగం, ముగ్గురితో కలిసి ఒక గది, వాళ్ళెవరికీ ఏమీ తెలీదు. అమ్మను చూసేకి ఎప్పుడు రావచ్చు అన్న ప్రశ్నకు చాలా ఆలస్యంగా జవాబు పెట్టినాను: "నీకెప్పుడు రావాలనిపిస్తే అప్పుడు. పోయే ముందు చెప్పు, నేనూ వస్తా. ఆ లాడ్జిలోనే రూము అడుగుదాం."