హామ్ రేడియో పరీక్షయు, ఏరియలు తీగయు

"మావాడు హామ్ రేడియో పరీక్షలో నుత్తీర్ణుడాయెను గదా, అయ్యవారూ! ఇంకను మిద్దెమీద ఆ తీగలెందుకు?" అని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతముల తల్లిదండ్రులు కొందఱు మమ్మడుగుచున్నారు. ప్రశ్న సహజమైనదే. సర్టిఫికేటు చేతికి వచ్చిన పిమ్మట విద్య ముగిసినదని తలచుట మనకు చిరకాలపు అలవాటు.

హామ్ రేడియో ప్రసారము చేయగోరువాడు ప్రభుత్వ పరీక్షలో నుత్తీర్ణుడై లైసెన్సు పొందవలెనని 1978 నాటి నిబంధనలు విధించినవి. విద్యుచ్ఛాస్త్ర మూలసూత్రములును, ప్రసార నియమములును అందులో నడుగుదురు. ఇది న్యాయమే. నియమ మెఱుగనివాడు ఇతరుల సంభాషణలకు భంగము కలిగింపగలడు. కావున పరీక్షయే వలదనువారితో మేమేకీభవింపము. అయితే అది నిరూపించున దేమి? వీనివలన పొరుగువారికి కీడు కలుగదని మాత్రమే.

మా విద్యార్థి యొకడు "స్కిప్ దూరము"నకు నిర్వచనము తప్పులేక వ్రాసి యుత్తీర్ణుడాయెను. ఒకనాటి రాత్రి 7 మెగాహెర్ట్జుల పట్టీలో పులివెందులలోని మిత్రుని పిలిచెను. ప్రత్యుత్తరము రాలేదు. దూరదేశపు కంఠములు మాత్రము స్పష్టముగా వినబడుచుండెను. యంత్రము చెడినదని నమ్మి, దానిని విప్పి బల్లమీద పఱచెను! రాత్రివేళ పైవాతావరణపు విద్యుత్పొర పలుచబడుటచే, నిట్టనిలువుగా పోయిన తరంగములు తిరిగి రావు. ఏటవాలుగా పోయినవి పొరుగూరిని దాటి దూరమున దిగును. తాను వ్రాసిన నిర్వచనమే యెదుట నిలిచినను వాడు దానిని గుర్తింపలేదు. వానిని మేము పరిహసింపలేదు. ఉపాధ్యాయ శిక్షణకళాశాలలో నుత్తీర్ణులమై వచ్చిన మొదటి దినమున నలువదిమంది బాలుర యెదుట నోట మాటరాక నిలిచినవారమే మేమును.

ఇక తీగ మాట. 143ను 7.1చే భాగించినచో సుమారు 20 మీటర్లు వచ్చును. అర్ధతరంగపు ఏరియలు పొడవు అదియేనని పుస్తకము చెప్పును. రేకుల కప్పునకు దాపున కట్టినచో ఆ లెక్క తప్పును. కొంత పొడవుగానే కట్టి, ఎస్.డబ్ల్యు.ఆర్. మీటరుతో కొలిచి, కొంచెము కత్తిరించి, మరల కొలువవలెను. ముందే పొట్టిగా కోసినవాడు అతుకు వేసికొనవలసినదే.

మోర్సు పరీక్ష పోయిన దేశములలో ఈ విద్యకు విలువ తగ్గినదని పెద్దలు కొందఱందురు. మోర్సు తప్పనిసరి యను నియమమును 2003లో అంతర్జాతీయ సమావేశమే సడలించెను; అమెరికావారు 2007లో దానిని తొలగించిరి. మోర్సు మధురమైన విద్య, కాదనము. కాని అదియు నొక పరీక్షయే గదా!

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు భారతీ ప్రసాద్ గారు హామ్ రేడియోతో పోర్టుబ్లెయిరులో నుండిరి. మామూలు తంతులు తెగిన ఆ దినములలో ఆమె క్షేమవార్తలను ప్రధానభూమికి చేర్చిరి. ఆ వేళ సర్టిఫికేటు నడిగినవారు లేరు. తమవారు బ్రతికియున్నారా యని మాత్రమే యడిగిరి.

కావున తల్లిదండ్రులారా, మీ బిడ్డను మిద్దె యెక్కనిండు. 25 గజముల రాగితీగయు, రెండు వాసములును చాలును. వీధి స్తంభముల విద్యుత్తు తీగలకు మాత్రము బహుదూరముగా కట్టునట్లు చూచుకొనుడు. ఉఱుములు వినబడినంతనే క్రిందికి పిలువుడు.