కాకుటూరు కంటే ముందు పుట్టిన కళాశాలలు

విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి, పాలకమండలి సభ్యులకు

నెల్లూరు జిల్లాకు విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది. దాని కిందికి చేరిన కళాశాలల్లో కొన్ని అప్పటికే అర్ధ శతాబ్దం దాటినవి, ఒకటి తొంభైకి దగ్గరపడినది. ఇక్కడ కళాశాలలు ముందు, విశ్వవిద్యాలయం తరువాత.

ఈ వరస కొత్తదేమీ కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో విశ్వవిద్యాలయం నీడలో కళాశాలలు పుట్టాయి. లండన్‌లో అది తిరగబడింది. 1826లో యూనివర్సిటీ కాలేజీ, 1829లో కింగ్స్ కాలేజీ వచ్చాక, పరీక్షలు పెట్టి పట్టాలివ్వడానికి 1836లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1854 నాటి వుడ్ తాఖీదు ఆ లండన్ పద్ధతినే మన దేశానికి సూచించింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం అలాగే మొదలైంది: చదువు కళాశాలది, పట్టా విశ్వవిద్యాలయానిది.

నెల్లూరులో ఆ పద్ధతికి తొలి రూపం వి.ఆర్. కళాశాల. వెంకటగిరి రాజాల పేరు మోస్తున్న ఈ సంస్థకు మూలం 1875 నాటి ఉన్నత పాఠశాల. 1920లో కళాశాల అయింది. అప్పుడు పట్టా మద్రాసుది. 1926లో తెలుగు జిల్లాల కోసం ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలనుకున్నారు. నదీజలాల విషయంలో నెల్లూరును రాయలసీమతో కలిపి చూసిందీ ఆ ఒడంబడికే. చివరికి 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం తిరుపతిలో వెలిసింది, నెల్లూరు కళాశాలలు దాని అనుబంధంలోకి వెళ్లాయి. పట్టా మీద పేరు ఎన్నిసార్లు మారినా పాఠం చెప్పిన గదులు మారలేదు. చట్టాల తేదీలతో మాత్రమే రాసే చరిత్రలో ఈ సంగతి జారిపోతుంది.

కావలిలో 1951లో జవహర్ భారతి నిలబడింది. దొడ్ల రామచంద్రారెడ్డి గారి కృషి అది. జిల్లా కేంద్రం బయట ఒక పట్టణం చదువుల ఊరిగా పేరు తెచ్చుకోవడం అప్పట్లో చిన్న విషయం కాదు. తరువాత శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం స్నాతకోత్తర కేంద్రం కూడా కావలికే వచ్చింది. 2008లో అది కొత్త విశ్వవిద్యాలయంలో కలిసింది. అంటే విక్రమ సింహపురికి తొలి తరగతి గదులు దాని ప్రాంగణం ఉన్న కాకుటూరులో కాదు, కావలిలో ఉన్నాయి.

నెల్లూరు, కావలి, గూడూరు మూడూ మద్రాసు రైలు మార్గం మీద ఉన్నవే. పెన్నా కాలువల పంట, రైలు ఉన్నచోట కళాశాలలు ముందు లేచాయి. ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతం. ఉదయగిరి నుంచి కాకుటూరు నూరు కిలోమీటర్ల పైనే. అక్కడి పిల్లవాడికి డిగ్రీ అంటే మొదట బస్సు, ఆ తరువాత గది అద్దె. వి.ఆర్. కళాశాలలో చదివిన ఎం. వెంకయ్యనాయుడు గారు 1978లో, 1983లో శాసనసభకు ఎన్నికైంది ఉదయగిరి నుంచే. నెల్లూరు తరగతి గదికీ మెట్టకూ ఉన్న సంబంధం ఇలాంటి పేరున్నవాళ్ల ద్వారా అందరికీ తెలుసు. పేరు లేని వేలమంది ద్వారా తెలియాలి. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు ఉదయగిరికీ ఆత్మకూరుకూ రావడం ఈ చరిత్రలో చివరి అధ్యాయం కాదు, ముఖ్య అధ్యాయం. ఇంటిలో మొదటిసారి పట్టా అందుకున్నవాళ్ల పేర్లు ఆ రిజిస్టర్లలో ఉంటాయి.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు వెంకటగిరి పట్టణం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. సరిహద్దులు కదిలే కొద్దీ కాగితాలు చెదురుతాయి. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి నెల్లూరు జిల్లా శాసనాలను తాలూకాల వారీగా మూడు సంపుటాల్లో అచ్చు వేశారు. ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాల రాళ్లూ అందులో ఉన్నాయి. కళాశాలల దస్తావేజులకు అలాంటి సంకలనం విశ్వవిద్యాలయం చేపట్టవలసి ఉంది: అనుబంధ ఉత్తర్వులు, ప్రవేశ రిజిస్టర్లు, కళాశాల పత్రికలు, అధ్యాపకుల జాబితాలు, అన్నీ కళాశాలల వారీగా. పని మొదలుపెట్టవలసింది పాత కళాశాలల బీరువాల దగ్గర. ఇళ్లలో మిగిలిన పాత పట్టాలు, ఫొటోల నకళ్లు తీసుకోవడానికి ఉదయగిరి, ఆత్మకూరు డిగ్రీ కళాశాలల్లో ఒక్కో గది కేటాయిస్తే, మెట్ట మండలాలవాళ్లు వాటిని పట్టుకుని కాకుటూరు దాకా రానక్కర్లేదు.