కొలువుల వాటా సరే.. భూమి వాటా మాటేమిటి?

భద్రాచలం: వికలాంగుల ఉపాధి హక్కులనగానే ప్రభుత్వ కొలువుల రిజర్వేషనే చర్చకు వస్తుంది. 1995 చట్టం మూడు శాతంగా నిర్ణయించిన ఆ వాటాను 2016 చట్టం నాలుగు శాతానికి పెంచింది. చర్ల, దుమ్ముగూడెం అటవీ సరిహద్దు పల్లెల్లో కొలువులే అరుదు. పోడు సాగు, తునికాకు సేకరణ, ఇప్పపువ్వు ఏరడం.. అక్కడి బతుకుతెరువు ఇదే. వారికి అక్కరకొచ్చేది అదే చట్టంలోని 37వ సెక్షన్. వ్యవసాయ భూమి కేటాయింపులోనూ, పేదరిక నిర్మూలన పథకాల్లోనూ వికలాంగులకు అయిదు శాతం ఇవ్వాలని, అందులో మహిళలకు ప్రాధాన్యం ఉండాలని అది నిర్దేశిస్తోంది. దాని ఊసెత్తేవారే తక్కువ. ఈ వాటా కోరాలన్నా కనీసం 40 శాతం వైకల్యమున్నట్లు ధ్రువపత్రం తప్పనిసరి. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడటంతో ఖమ్మం కంటే జిల్లా కేంద్రం దగ్గరైంది. అయినా నడవలేని మనిషిని అడవి దారిలో బస్సు వరకు చేర్చేందుకు ఒకరు తోడుండాలి. ఆ తోడు వచ్చినవారి కూలీ కూడా ఆ రోజుకు పోయినట్లే.