గొట్టం వంగాలి, బెలూను సాగరాదు

గుండె రక్తనాళంలో కొవ్వు పేరుకుని దారి మూసుకుపోతే, సన్నని గొట్టం చివర బెలూను అమర్చి లోపలికి పంపుతారు. అడ్డు ఉన్నచోట దాన్ని ఉబ్బించి దారి వెడల్పు చేస్తారు. 1977 సెప్టెంబరు 16న జూరిచ్‌లో డాక్టర్ ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ మెలకువగా ఉన్న రోగికి మొదటిసారి ఇలా చేశారు. తొలి బెలూన్లను ఆయన ఇంట్లో వంటగది బల్ల మీదే తయారుచేసుకున్నారు.

మణికట్టు నుంచో తొడ మొదలు నుంచో ఆ గొట్టం గుండెదాకా వెళ్లాలి. నాళాలేమో పొలంగట్టు బాటలా వంకర్లు. గొట్టం బిరుసైతే మలుపు తిరగదు, నాళం గోడను గీరుతుంది. మరీ మెత్తనైతే ఎంత నెట్టినా ముందుకు పోదు, తడిసిన నులకతాడును నెట్టినట్టే. అందుకే డాక్టరు చేతి వైపు గట్టిగా, కొస వైపు మెత్తగా చేస్తారు. బెలూను సంగతి వేరు. అది జాతర బుడగలా సాగితే గట్టి అడ్డును వదిలేసి అటూ ఇటూ ఉబ్బుతుంది, నాళం చీలవచ్చు. కనుక కొలత మించి సాగని నైలాను వంటి వాటితో చేస్తారు.

ఇందులో చదువు ఎంతో చేతి నేర్పూ అంతే. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉంది. అలాంటి చోట మన కుర్రాళ్లకు కాపలా, ప్యాకింగు పనులతో సరిపెడితే ఒప్పుకోరాదు. మగ్గం మీద సన్న నూలు తెగకుండా నేసిన ఇళ్ల పిల్లలకు ఈ పని పట్టుబడదా? ముందు ఒక్క ఐటిఐలోనైనా గొట్టం లాగడం, బెలూను ఊదడం నేర్పే తరగతి ప్రభుత్వం తెరవాలి.