గాలి మీద యుద్ధమా?

సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో, కథల్లో తరచూ కనిపించే ఎత్తు ఒకటుంది. శత్రువు వ్యోమనౌక పెద్దది. మన హీరో దగ్గర ఆయుధాలు తక్కువ. అందుకని దొంగచాటుగా అందులోకి దూరి, లోపలివాళ్లకు గాలి అందించే యంత్రాన్ని పాడుచేస్తాడు. కాసేపటికి నౌకంతా నిశ్శబ్దం. మనం చప్పట్లు కొడతాం. ఆ చప్పట్ల గురించే మేము రాస్తున్న ఈ నాలుగు మాటలు.

ముందు ఆ యంత్రం విలువేమిటో చూద్దాం. అంతరిక్షంలో ఒక మనిషికి రోజుకు సుమారు 840 గ్రాముల ఆక్సిజన్ కావాలి. అతను వదిలే కార్బన్ డయాక్సైడ్ దాదాపు ఒక కిలో. దాన్ని ఎప్పటికప్పుడు తీసెయ్యకపోతే, ఆక్సిజన్ ఉన్నా మనిషి బతకడు. 1970 ఏప్రిల్‌లో అపోలో 13లో ఆక్సిజన్ ట్యాంకు పేలినప్పుడు, ఇద్దరి కోసం తయారైన చంద్రనౌకలో ముగ్గురు తలదాచుకున్నారు. కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోయింది. దాన్ని పీల్చుకునే డబ్బాలు ప్రధాన నౌకలో చదరంగా, చంద్రనౌకలో గుండ్రంగా ఉన్నాయి. ప్లాస్టిక్ సంచులు, అట్టముక్కలు, టేపుతో ఆ చదరపు డబ్బాలనే పనికొచ్చేలా చేసి ప్రాణాలు దక్కించుకున్నారు. అంత కష్టపడి నిలబెట్టుకునే ఊపిరిని ఆపడం కథల్లో మాత్రం తెలివి ఎలా అయింది?

పేరున్న కథల్లో ఈ పని ఎవరు చేశారో గమనించండి. 1968 నాటి '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో నిద్రాణంగా ఉన్న ముగ్గురు శాస్త్రజ్ఞుల ప్రాణాధార యంత్రాలను ఆపింది హాల్ అనే కంప్యూటర్. 1967లో 'స్టార్ ట్రెక్' సీరియల్లో కెప్టెన్ కిర్క్ ఉన్న గదికి గాలి ఆపినవాడు ఖాన్. 1990లో 'టోటల్ రీకాల్'లో తిరుగుబాటుదారుల పేటకు గాలి బంద్ చేసింది అంగారకుడి మీది పాలకుడు. అందరూ విలన్లే. 1982 నాటి 'స్టార్ ట్రెక్' సినిమాలో కిర్క్ ఒక కోడ్ సాయంతో అదే ఖాన్ నౌక కంప్యూటర్‌లోకి చొరబడ్డాడు. అతను దించింది రక్షణ కవచాలను. గాలి జోలికి పోలేదు.

"చంపడం చంపడమే కదా, ఎలాగైతేనేం?" అని కొందరు మిత్రులు అడుగుతారు. తేడా ఉంది. తుపాకీ పట్టినవాడు ఎవరికి గురిపెట్టాలో చూసుకోగలడు. ఎదుటివాడు చేతులెత్తితే ఆగగలడు. గాలి ఆగితే అలా కాదు. ఆ నౌకలోని వంటవాడు, రోగి, బలవంతంగా సైన్యంలో చేర్చిన కుర్రవాడు, చెరలో ఉన్న మనవాడు, అందరూ పీల్చేది ఒకే గాలి. 1915లో బెల్జియంలో క్లోరిన్ వాయువు చేసిన ఘోరం చూశాకే, ఊపిరాడనివ్వని వాయువులను యుద్ధంలో వాడరాదని 1925లో జెనీవాలో ఒప్పందం చేసుకున్నారు. 1977లో చేర్చిన ప్రోటోకాల్ పౌరుల తిండిని, తాగునీటి ఏర్పాట్లను నాశనం చెయ్యరాదంది. వ్యోమనౌకకు గాలి యంత్రం అంటే ఊరికి మంచినీటి చెరువు లాంటిది.

చెరువు సంగతి మనకు ఒకరు చెప్పాలా? 1927లో మహారాష్ట్రలోని మహద్‌లో అంబేద్కర్ పోరాడింది చెరువు నీళ్ల కోసమే. 1985లో కారంచేడు గొడవ మొదలైంది తాగునీటి చెరువు దగ్గరే. వెలివేసేవాడికి కత్తి అక్కర్లేదు. నీళ్లు ఆపుతాడు, కొట్టులో సరుకు ఆపుతాడు, కూలిపని ఆపుతాడు. ముసలివాళ్లని, బాలింతలని చూడడు. అది ఎవరి ఆయుధమో తెలిసిన మనం, హీరో చేతిలో కనబడగానే ఈలలు వెయ్యడం సబబా?

మరి బలహీనుడికి వేరే దారేదంటారా? ఇంజన్ ఉంది, ఆయుధాలు ఉన్నాయి, సమాచార యంత్రాలు ఉన్నాయి. వాటిని పనిచెయ్యకుండా చేస్తే ఎంత పెద్ద నౌకైనా ఆగుతుంది. లోపలివాళ్లకు లొంగిపోయే అవకాశమూ మిగులుతుంది. బలవంతుడి అన్యాయాన్ని ఎదిరించడానికి బలవంతుడి పద్ధతే అరువు తెచ్చుకోనక్కర్లేదన్నది మా అభిప్రాయం.

మన హాస్టల్లో కథలు రాసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. అంతరిక్షం గురించి కూడా రాయండి. మీ హీరో శత్రువు నౌకలో దూరితే ఇంజన్ వైర్లు తెంపమనండి. గాలి గొట్టం మాత్రం ముట్టుకోవద్దనండి.