రాడార్ స్క్రీన్లు 90 సెకన్లు బ్లాంక్.. గది మారింది, లైన్ మారలేదు!

అమెరికా వెళ్లే తెలుగువాళ్లకు న్యూజెర్సీలోని నెవార్క్ ఎయిర్‌పోర్ట్ బాగా తెలుసు. 2025 ఏప్రిల్ 28న అక్కడి విమానాలకు దారి చూపే కంట్రోలర్ల స్క్రీన్లు ఒక్కసారిగా బ్లాంక్ అయ్యాయి. పైలట్లతో మాటలూ కట్! దాదాపు 90 సెకన్లు ఇదే టెన్షన్.

అసలేం జరిగింది?

సిబ్బంది కొరతతో 2024 జులైలో ఈ పనిని న్యూయార్క్ కేంద్రం నుంచి ఫిలడెల్ఫియాకు మార్చారు. కొత్త గది, కొత్త సీట్లు. రాడార్ డేటా మాత్రం న్యూయార్క్ మీదుగా పాత లైన్లలోనే వచ్చేది. ఆ లైన్ ఫెయిలైంది.

విచిత్రమేంటంటే.. అమెరికాలో తొలి ఎయిర్ ట్రాఫిక్ సెంటర్ 1935లో మొదలైంది ఈ నెవార్క్‌లోనే. అప్పట్లో రాడార్ లేదు. టేబుల్‌పై మ్యాప్ పరిచి, విమానాలకు గుర్తుగా చిన్న పడవల్లాంటి బిళ్లలను చేత్తో జరిపేవారు. 1956లో గ్రాండ్ కాన్యన్ మీద రెండు విమానాలు ఢీకొని 128 మంది చనిపోయారు. ఆ తర్వాతే కొత్త రాడార్లకు భారీగా నిధులు కదిలాయి.

ఇప్పుడూ అదే కథా? 138 సిస్టమ్‌లలో 51 ఇక నడపలేని స్థితిలో ఉన్నాయని 2024లోనే అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ తేల్చింది. కొన్నిచోట్ల అప్పటికీ ఫ్లాపీ డిస్కులే! నెవార్క్ ఘటన తర్వాత అమెరికా కాంగ్రెస్ 1,250 కోట్ల డాలర్లు ఇచ్చింది.

డబ్బు వచ్చింది సరే. అసలు కష్టం వేరే ఉంది. 24 గంటలూ నడిచే కంట్రోల్ రూమ్‌ను ఆపకుండానే మొత్తం మార్చాలి. రిపేర్ ఉందని ఆకాశానికి సెలవు ఇవ్వలేరు కదా!