ఉద్దానం బిందెకు పొరే కాపలా

పలాస: పరిశ్రమల్లో గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసే సంయుక్త పొరల కోవకు చెందినదే ఉద్దానం ఆర్వో ప్లాంట్లలోని పొర కూడా. పాలిస్టర్ గుడ్డపై పాలీసల్ఫోన్, దానిపై వెంట్రుక మందంలో వందో వంతు కూడా లేని పాలీఎమైడ్ పూత ఉంటుంది. ఒత్తిడితో పంపిన బోరునీటిలోని లవణాలను ఈ పూతే అడ్డుకుంటుంది.

ఇనుము, సిలికా పేరుకుంటే పొర మూసుకుపోతుంది. దెబ్బతింటే లవణాలు నేరుగా బిందెలోకి వస్తాయి. చూపుకు మాత్రం రెండు నీళ్లూ తేటగానే కనిపించడం గమనార్హం. ప్రారంభోత్సవ శిలాఫలకం కంటే టీడీఎస్ రీడింగు, పొర మార్చిన తేదీ గ్రామస్థులకు అవసరం. వీటిని ప్లాంటు గోడపై రాయించడానికి పెద్దగా ఖర్చూ కాదు.

కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలను పీడిస్తున్న కిడ్నీ వ్యాధికి అసలు కారణం నేటికీ నిర్ధారణ కాలేదు. నీటినే దోషిగా పరిశోధకులు తేల్చలేదు కాబట్టి పొరను మందుగా భావించడం సరికాదు. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని తెచ్చే సుమారు రూ.700 కోట్ల పథకం 2023 డిసెంబరు 14న ప్రారంభమైన విషయం విదితమే. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రినీ అదేరోజు ప్రారంభించారు. ఆ నీరు కుళాయికి నిలకడగా అందని ఊళ్లలో ఆర్వో నీరే ఆధారం. అక్కడ కొత్త పొర ఖర్చును పంచాయతీ భరించాలా, బిందెకింత అని జనమే చెల్లించాలా అన్నది ముందుగా తేలాల్సి ఉంది.